పదహారు గంటల దూరం

మన పత్రిక చదివే కుటుంబాల్లో ఈ ప్రశ్న ఎదురుకాని ఇల్లు బహుశా ఉండదు. “మీ అబ్బాయి ఉండే ఊరికి విమానంలో ఎన్ని గంటలండీ?” ముంబై, పుణె, భివండి, సూరత్, మా షోలాపూర్... మనవాళ్లు ఎక్కడ స్థిరపడితే అక్కడి నుంచి పిల్లలు ఇంకా దూరం వెళ్లారు. పెళ్లి పందిట్లోనూ, బ్యాంకు కౌంటరు దగ్గరా, కిరాణా కొట్టు ముందూ ఈ ప్రశ్న వినబడుతూనే ఉంటుంది. మా పెద్దవాడు 2017లో అమెరికాలోని డల్లాస్ వెళ్లిన నాటి నుంచి దీనికి నేను ఒకే జవాబు చెబుతూ వచ్చాను. “పదహారు గంటలు.” ఆ జవాబు లెక్క ప్రకారం తప్పు కాదు. కాని దాన్ని అందరికంటే ఎక్కువగా నేనే నమ్మాను. అందువల్ల మా ఇంట్లో పూడ్చుకోలేని నష్టం ఒకటి జరిగింది. నాలాగా లెక్కలు వేసుకునే తండ్రులు ఇంకా ఉంటారు గనుక, సిగ్గు విడిచి రాస్తున్నాను.

ముందు మా వాడ సంగతి కొంచెం చెప్పాలి. షోలాపూర్ తూర్పు భాగంలో సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్, ఈ చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా సాంచాల చప్పుడు, దానిమీదుగా గొంతు పెంచి మాట్లాడే తెలుగూ వినబడతాయి. 1860లో ఈ ఊరికి రైలు వచ్చింది. 1877లో మేము జూనీ మిల్లు అనే పెద్ద మిల్లు మొదలైంది. మగ్గం తప్ప మరో పని తెలియని మన పద్మశాలి కుటుంబాలు నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు ప్రాంతాల నుంచి కూడు వెతుక్కుంటూ ఇటు వచ్చాయి. మగవాళ్లు మగ్గాల మీదా, ఆడవాళ్లు బీడీల మీదా బతుకు నిలబెట్టుకున్నారు. ఊరికి పేరు తెచ్చిన షోలాపురి చద్దరు వెనుక మనవాళ్ల చేతులున్నాయి. మా నాన్నగారు సిరిసిల్ల పక్క పల్లె నుంచి 1955లో, పదిహేడేళ్ల వయసులో ఇక్కడికి వచ్చారు. తాతగారు మాత్రం ఊళ్లోనే, తన చేనేత మగ్గం దగ్గరే ఉండిపోయారు. మా అమ్మ యాభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆ బీడీల డబ్బుతోనే నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరునయ్యాను.

మావాడు అమెరికా ప్రయాణమవుతున్న రోజుల్లో ఒక ఆదివారం మా మేనమామ వచ్చాడు. ఆయన ఒక తువ్వాళ్ల కార్ఖానాలో జాబరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. వరండాలో అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. మేం వద్దన్నా ఆ పని మానేది కాదు. గోడకున్న ప్రపంచ పటంలో నేను మామకు దారి చూపిస్తున్నాను. హైదరాబాదు నుంచి పడమటికి అరేబియా, యూరపు, ఆ తరువాత అట్లాంటిక్ సముద్రం, ఆపైన అమెరికా అని చూపుడువేలితో గీత గీశాను.

మామ పటాన్ని చాలాసేపు చూసి, “అల్లుడా, భూమి గుండ్రంగుంటదని పిల్లలకు జెప్తరు. నువ్వేమో సాపగ పరిచి సూపుతున్నవు. గోళం ఉన్నదా ఇంట్ల?” అని అడిగాడు.

మావాడి బడి రోజుల నాటి గ్లోబు అటక మీద ఉంటే దించాము. మామ జేబులోంచి ఒక కండె తీసి మూరెడు పోగు లాగాడు. ఒక కొస హైదరాబాదు మీద తన బొటనవేలితో అదిమి, రెండో కొస డల్లాస్ మీద మావాణ్ణి పట్టుకోమన్నాడు. నేను చెప్పిన దారిలోనే యూరపు మీదుగా, అట్లాంటిక్ మీదుగా పోగును వదులుగా పరిచాడు. తరువాత మెల్లగా బిగించాడు. చూస్తూండగానే ఆ పోగు అట్లాంటిక్ వదిలేసి, యూరపు వదిలేసి, పైకి పైకి జరిగి ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్లి నిలిచింది.

“వదులుగ వెడితె పోగు ఎటన్న పోతది. బిగవడితెనే అసలు కొలత,” అన్నాడు.

నేను తెల్లబోయాను. ముప్ఫై ఏళ్లు అంకెలతో కాపురం చేసినవాణ్ణి, ఈ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. తరువాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, గుండ్రటి వస్తువు మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అదేనట. హైదరాబాదు దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డల్లాస్ దాదాపు 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175 డిగ్రీలు. అంటే భూమికి ఇటువైపు ఒకటీ, అటువైపు ఒకటీ ఉన్నట్టే. అందుకని ఆ పోగు ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా పోతుంది.

ఆ రోజే స్కేలు తెచ్చి పోగు కొలిచాము. 34 సెంటీమీటర్లు వచ్చింది. మా గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. కాబట్టి చుట్టుకొలత 94 సెంటీమీటర్ల చిల్లర. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. 34ను 425తో గుణిస్తే 14,450. లెక్కగట్టిన దూరం 14,400 కిలోమీటర్ల పైచిలుకు. స్కేలుకు, పోగుకు అంతకంటే ఖచ్చితం ఏం కావాలి? పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే పదహారు గంటలు. ఆ పదహారు అప్పుడు పుట్టింది.

అమ్మ కత్తెర ఆపి విన్నది. ఆమెకు కాలాన్ని కొలిచే కొలత వేరే ఉండేది. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి, ఒక ఎనిమిది గంటల్లో వెయ్యి బీడీలు చుట్టేది. అందుకే ఏదైనా ఎంతసేపని అడిగితే బీడీల్లో చెప్పడం అలవాటు.

“పదారు గంటలంటె రెండు వేల బీడీలు. గంతేనా? నేనేందో ఇగ మల్ల జూడననుకున్న,” అని మనవడి తల నిమిరింది. ఆ మాటతో ఇంట్లో అందరి గుండెలూ తేలికపడ్డాయి. నేను చేసిన భాగహారం మీద నాకు గర్వం కూడా కలిగింది.

ఆ పోగు దారిలో విమానాలు నిజంగా పోతాయా అన్న కుతూహలం నన్ను వదల్లేదు. పోతాయి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఆగకుండా వచ్చింది. నేరు దూరం 13,993 కిలోమీటర్లు. పదిహేడు గంటలపైన పట్టింది. నడిపిన నలుగురు పైలట్లూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించగా, వారిలో పాపగారి తన్మయి అనే పేరు కూడా ఉంది. ఆ పేరు పేపర్లో చదివి మా వాడంతా మురిసిపోయాం.

అయితే అన్ని విమానాలూ బిగబట్టిన పోగు మీద పోవు. ధ్రువం పైన చలి విపరీతం. విమాన ఇంధనం సుమారు మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, కనుక కనిపెట్టి ఉండాలి. దారిలో ఏ ఇంజను మొరాయించినా దిగడానికి విమానాశ్రయాలు అందుబాటులో ఉండాలి. యుద్ధాలు వస్తే కొన్ని దేశాల ఆకాశం మూసుకుపోతుంది. ఇక గాలి సంగతి. చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తూ ఉంటుంది. అందుకే అమెరికా నుంచి వచ్చేటప్పుడు పట్టే కాలం కంటే వెళ్లేటప్పుడు పట్టే కాలం సాధారణంగా ఎక్కువ. భూమి తిరుగుతోంది కదా, విమానం పైన ఊరికే నిలబడితే అమెరికా తానే కిందికి రాదా అని మా పక్కింటి కుర్రాడు అడిగాడు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది నాయనా, విమానం ఆ గాలిలోనే ఉంటుంది అని చెప్పాను. నడిచే రైలుపెట్టెలో ఎగిరిన ఈగ వెనకబడిపోదు కదా!

ఇదంతా నాకు తెలుసు. తెలియనిదల్లా మా గడప నుంచి వాడి గడపకు ఎంత దూరమన్నదే. హైదరాబాదు నుంచి డల్లాస్‌కు నేరు విమానం లేదనీ, షోలాపూర్ నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైన ఉందనీ తెలిసి కూడా, ఎవరడిగినా నేను పదహారే చెప్పేవాణ్ణి. పెద్ద అంకె చెబితే అమ్మ బెంగపడుతుందనుకున్నాను. చెప్పగా చెప్పగా నా బుర్రలో కూడా అదే మిగిలింది.

2023 జనవరిలో, సిద్ధేశ్వరుడి గడ్డ జాతర ముగిసిన కొన్నాళ్లకు, అమ్మకు ఆయాసం ఎక్కువైంది. అప్పటికామెకు దాదాపు ఎనభై ఏళ్లు. గుండె బలహీనపడిందన్నారు. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి ఇంటికి తెచ్చాము. శనివారం సాయంత్రం ఆరు గంటలకు డాక్టరుగారు ఇంటికి వచ్చి చూసి, నన్ను వాకిట్లోకి పిలిచి, “దగ్గరివాళ్లకు కబురు పెట్టుకోండి” అన్నారు.

ఊళ్లో ఉన్నవాళ్లకు, పుణెలో ఉన్న మా చెల్లెలికి వెంటనే ఫోను చేశాను. మావాడి నంబరు తీశాను, మళ్లీ పెట్టేశాను. నా బుర్రలో ఒక బ్యాలెన్స్ షీటు తయారైంది. వాడు కొత్త ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. సెలవు దొరుకుతుందో లేదో. టికెట్టు లక్షన్నర దాటుతుంది. వీసా ముద్ర గడువు అయిపోయింది, ఇక్కడికి వస్తే మళ్లీ కాన్సులేటు చుట్టూ తిరగాలి, తిరుగు ప్రయాణం ఎన్ని నెలలకో. తీరా వచ్చాక అమ్మ కోలుకుంటే? కోలుకుంటే మంచిదే కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ సాయంత్రం అనిపించలేదు. “ఇంకో రెండు రోజులు చూద్దాం. అవసరమైతే పదహారు గంటల్లో వచ్చేస్తాడు” అని మా ఆవిడతో అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ కళ్లు తెరిచి, “పిల్లగాడు బయల్దేరిండా?” అని అడిగింది.

“బయల్దేరుతున్నాడమ్మా,” అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పక్కబట్ట మీద మెల్లగా కదులుతున్నాయి. బీడీ చుట్టేటప్పటి కదలికే అది. నిద్రలో అలవాటుగా చేస్తోందని మా చెల్లెలు అనుకుంది. ఆమె లెక్కపెడుతోందని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి ఫోను చేయలేదు. సోమవారం కాస్త గంజి తాగింది. నా నిర్ణయం సరైనదే అనుకున్నాను. మంగళవారం తెల్లవారుజామున ఐదు గంటలకు వెళ్లిపోయింది.

అప్పుడు డల్లాస్‌లో సోమవారం సాయంత్రం ఐదున్నర. వాడు వెంటనే ఫోను ఎత్తాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “నేను వచ్చేదాకా ఉంచండి నాన్నా,” అన్నాడు.

వాడకట్టు పెద్దలు వాకిట్లో కూర్చున్నారు. మనవడు ఎప్పటికి వస్తాడని అడిగారు. ఐసు పెట్టె తెప్పిద్దామని ఒకరన్నారు. జవాబు కోసం అందరూ నా వైపే చూశారు. ఆరేళ్లుగా నోటికొచ్చిన పదహారు ఆ క్షణంలో నోట రాలేదు. మావాడు టికెట్టు వెతుక్కుని మళ్లీ ఫోను చేసి, గురువారం తెల్లవారితేగాని చేరలేనన్నాడు. అంతసేపు ఉంచడం అమ్మకు ఇష్టముండదని మామ అన్నాడు. నన్ను ఐసు మీద పెట్టొద్దని ఆమె అతనితో ఎప్పుడో అన్నదట. ఆ సాయంత్రమే కార్యం ముగించాము. ఆ మాట మావాడికి ఫోనులో చెప్పాల్సి వచ్చింది. “సరే నాన్నా,” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

గురువారం ఉదయం ఐదు గంటలకు కారు మా సందు మొదట్లో ఆగింది. వాడు సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి, నానమ్మ మంచం ఉన్న చోట దీపం ముందు కూర్చున్నాడు. ఆ పొద్దున మూడో దినం. పిట్టకు పెట్టే వేళకు మాత్రం అందాడు.

రాత్రి అందరూ పడుకున్నాక నన్ను అడిగాడు. “డాక్టరుగారు శనివారమే చెప్పారట కదా. నాకెందుకు చెప్పలేదు?”

అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. “పదహారు గంటలే అనుకున్నాన్రా,” అన్నాను.

వాడు కోపగించుకోలేదు. గోడమీది పాత క్యాలెండరు కాగితం ఒకటి చించి, వెనుకవైపు పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాడు. కబురు తెలిసినప్పటి నుంచి, దొరికిన మొదటి విమానం కోసం ఇంట్లోంచి బయలుదేరేదాకా పద్నాలుగున్నర గంటలు. ఇంటి నుంచి విమానాశ్రయానికి ఒక గంట. అక్కడ మూడు గంటలు ముందుండాలి. డల్లాస్ నుంచి దుబాయ్ 12,900 కిలోమీటర్లు, పద్నాలుగున్నర గంటలు. దుబాయ్‌లో నాలుగు గంటలు. అక్కడి నుంచి హైదరాబాదు 2,550 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. శంషాబాదులో పాస్‌పోర్టు తనిఖీ, సామాను, కలిపి గంటన్నర. అక్కడి నుంచి కారులో జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్ మీదుగా షోలాపూర్‌కు ఆరు గంటలు. కింద గీత గీసి కూడిక వేశాడు. 48.

నేను ఆ కాగితం తీసుకుని చూశాను. ఎక్కడా తప్పు లేదు. గాలిలో ఉన్నది పద్దెనిమిది గంటలు. మిగిలిన ముప్ఫై గంటలు నేల మీదే. నేను చెబుతూ వచ్చిన పదహారు అనే అంకె ఆ జాబితాలో ఎక్కడా లేదు. మా అమ్మ లెక్కలో రెండు వేల బీడీలు కాదు, ఆరు వేలు.

ఇది నాకు తెలియని పాఠమేమీ కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో బయటి ఊరి చెక్కు వేస్తే డబ్బు చేతికి రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. చెక్కు మీద తేదీ చూసుకుని కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకోవద్దు, డబ్బు ఖాతాలో పడే తేదీ చూసుకోండి అని ఖాతాదారులకు నేనే చెప్పేవాణ్ణి. ఇంట్లో మాత్రం చెక్కు తేదీనే నమ్ముకున్నాను.

ఇంకో కూడిక కూడా వేశాను. అది వాడికి చూపించలేదు, ఇక్కడ చదువుతాడు. శనివారం సాయంత్రం ఆరు గంటలకే ఫోను చేసి ఉంటే, టికెట్టుకు అదే పద్నాలుగున్నర గంటలు పట్టిందనుకున్నా, సోమవారం సాయంత్రం ఆరు గంటలకు చేరేవాడు. మంగళవారం ఉదయం ఐదుకు ఇంకా పదకొండు గంటలు మిగిలేవి. పదకొండు గంటలు నానమ్మ పక్కన కూర్చునేవాడు.

పదో దినం అయ్యాక మామ, నేను వరండాలో కూర్చున్నాం. ఆ కాగితం ఆయనకు చదివి వినిపించాను. విని కొంతసేపు ఊరుకుని, “మీ నాయన గూడ మూడో దినానికే అందిండు గద,” అన్నాడు.

అవును. 1978లో ఊళ్లో మా తాతగారు పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తెల్లవారుజామున పోయారు. ఎవరో సైకిలు మీద సిరిసిల్ల వెళ్లి టెలిగ్రాం ఇచ్చారు. అది సాఖర్ పేటలో మా ఇంటికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. నాన్నగారు సాంచా ఆపి, ఆసామి దగ్గర డబ్బు తీసుకుని, రాత్రి రైలెక్కారు. వాడి మీదుగా సికింద్రాబాదు చేరి, అక్కడి నుంచి బస్సులు మారి పదకొండు గంటలకు ఊళ్లో దిగారు. అప్పటికి మూడో దినం. పిట్టకు పెట్టే వేళకు అందారు. తండ్రి ముఖం చూడలేదు.

వేళ్ల మీద లెక్కపెట్టాను. నాన్నగారు దాటింది నాలుగున్నర వందల కిలోమీటర్ల పైచిలుకు. పట్టింది 54 గంటలు. మావాడు తిరిగి వచ్చిన దూరం, రోడ్డు దారితో కలిపి, దాదాపు 15,800 కిలోమీటర్లు. పట్టింది 48 గంటలు. దూరం ముప్ఫై రెట్లు పైగా పెరిగింది. చేరింది మాత్రం అదే మూడో దినానికి.

అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. అది గుర్తుకొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. 1978లో ఆ 54 గంటల్లో ముప్ఫై గంటలకు పైగా టెలిగ్రాం మింగింది. నాన్నగారి తప్పేమీ లేదు. కబురు అందిన పూటే కదిలారు. ఆ టెలిగ్రాం విధానం 2013 జులైలో మన దేశంలో నిలిచిపోయింది. ఇప్పుడు కబురుకు ఒక్క క్షణం చాలు. మా ఇంట్లో ఆ కబురు శనివారం సాయంత్రం నుంచి మంగళవారం తెల్లవారేదాకా, 59 గంటలు, నా నోట్లోనే ఆగింది.

మావాడు మూడు వారాలుండి వెళ్లాడు. వీసా ముద్ర గురించి నేను భయపడినంత ఏమీ జరగలేదు. వెళ్లేముందు ఆ క్యాలెండరు కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, “ఇకమీద ఈ లెక్కే చూడండి,” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఉందో, క్షమ ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ ఉండి ఉంటాయి.

ఆ తరువాత మా ఊళ్లో కొన్ని మార్పులు వచ్చాయి. హోట్గి రోడ్డులోని విమానాశ్రయానికి అడ్డంగా ఉందని చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని 2023 జూన్‌లో కూల్చారు. 2025 జూన్‌లో గోవాకు, అక్టోబరులో ముంబైకి విమానాలు మొదలయ్యాయి. తలమీద విమానం చప్పుడు వినబడితే సాంచా దగ్గరి పిల్లలు బయటికి పరుగెత్తుతున్నారు. సంతోషమే. సమయం కుదిరితే మా కాగితంలోని ఆరు గంటల్లో కొన్ని తగ్గవచ్చు. కాని టికెట్టు కోసం చూసే గంటలు, మార్పు దగ్గర కూర్చునే గంటలు తగ్గవు. అన్నిటికంటే ముందు, “ఇప్పుడే చెప్పాలా, రేపు చెప్పాలా” అని తండ్రి తటపటాయించే గంటల్ని ఏ విమానమూ తగ్గించలేదు.

కాబట్టి నా తోటి తల్లిదండ్రులకు, ఒక బ్యాంకువాడిగా కాదు, తప్పు చేసినవాడిగా ఒక మనవి. పిల్లలుండే ఊరి దూరాన్ని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలవకండి. గడప నుంచి గడపకు కొలవండి. పిల్లలను కూర్చోబెట్టి ఒక కాగితం రాయించండి, టికెట్టు దొరకడానికి పట్టే కాలంతో సహా. ఆ కాగితం అందరికీ కనబడేచోట పెట్టండి. పెద్దవాళ్లకు చిన్న అంకె చెప్పి ధైర్యం చెప్పకండి. వాళ్లు మనకంటే గట్టివాళ్లు, నిజం చెబితే తట్టుకుంటారు. అబద్ధపు అంకె చెబితే దాన్ని నమ్ముకుని ఎదురుచూస్తారు. పిల్లల పాస్‌పోర్టు, వీసా గడువులు మామూలు రోజుల్లోనే అడిగి తెలుసుకోండి. డాక్టరు కబురు పెట్టమంటే ఆ నిమిషమే పెట్టండి. రావాలో వద్దో పిల్లలు తేల్చుకుంటారు. వాళ్ల బదులు మనం తేల్చకూడదు. వచ్చాక పెద్దవాళ్లు కోలుకుంటే, పోయింది ఒక టికెట్టు డబ్బు. అది ఏ ఖాతాలో రాసినా నష్టం కింద రాయనక్కర్లేదు.

మొన్న దసరా తరువాత మామ మళ్లీ వచ్చాడు. ఆయన మనవరాలికి మెల్‌బోర్న్‌లో చదువుకు సీటు వచ్చింది. గ్లోబు దించమన్నాడు. చేతులు వణుకుతున్నా పోగు బాగానే బిగించాడు. హైదరాబాదు నుంచి 22 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. తొమ్మిది వేల రెండు వందల కిలోమీటర్లు.

“ఎన్ని గంటలయితది అల్లుడా?” అన్నాడు.

తొమ్మిది వందలతో భాగిస్తే పది గంటల చిల్లర అని నా బుర్ర అప్పుడే చెప్పేసింది. దాన్ని నోటిదాకా రానివ్వలేదు.

“గడప నుంచి గడపకు దగ్గర దగ్గర ఒకటిన్నర రోజు మామా. టికెట్టు దొరకడానికి ఇంకో రోజు కలుపుకో,” అన్నాను.

మామ పోగును కండెకు చుట్టి జేబులో వేసుకున్నాడు. “గట్ల జెప్పు,” అన్నాడు.